అద్దె పుస్తకాల్లో ఇందిర

అద్దె పుస్తకాల షాపు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి విడమరిచి చెప్పాల్సి వస్తోంది. 1970లలో, 80లలో తెలుగునాట ఏ పట్నానికి వెళ్ళినా అది కనిపించేది. ఒక చిన్న గది. మూడు గోడలకీ నేల నుంచి అటక దాకా చెక్క అరలు. గుమ్మానికి అడ్డంగా ఒక బల్ల, దాని మీద పొడుగాటి ఖాతా పుస్తకం. కట్టిన డిపాజిట్టు, తీసుకున్న నవల పేరు, తేదీ అందులోకి ఎక్కేవి. నా చిన్నప్పుడు రోజుకి పది పైసలున్న అద్దె కాలేజీకి వచ్చేసరికి పావలా అయింది, ఆ తర్వాత అర్ధరూపాయి. కొత్తగా వచ్చిన నవలకి రేటు ఎక్కువ. వేసవి సెలవుల్లో ఆ కొత్త నవల అరలోకి చేరడమే ఉండేది కాదు. ఒకరి చేతిలోంచి బల్ల మీదకి, బల్ల మీంచి ఇంకొకరి చేతిలోకి.

మా విజయనగరంలో మేం వెళ్ళే షాపు ఒక టైలరు కొట్టుని ఆనుకుని ఉండేది. ఇంట్లో ఆడవాళ్ళు షాపు దాకా రావడం తక్కువ. పిల్లల చేత చీటీ పంపేవాళ్ళు. చీటీలో నాలుగైదు పేర్లు వరసగా ఉండేవి. మొదటిది లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. షాపాయన చేతిరాత చూసి అది ఏ ఇంటి చీటీయో చెప్పేసేవాడు. "ఇది మీ అమ్మగారు చదివేశారమ్మా. ఇదిగో, ఇది పట్టుకెళ్ళు, నేనిచ్చానని చెప్పు" అని వేరే పుస్తకం చేతిలో పెట్టేవాడు. ఎవరు ఏడుపు కథలు చదువుతారో, ఎవరికి డిటెక్టివ్ నవలలు కావాలో, ఎవరు ఒకే పుస్తకాన్ని ఏడాదికోసారి మళ్ళీ అడుగుతారో ఆయనకి కంఠతా వచ్చు. ఆ మళ్ళీ అడిగేవాళ్ళ మీద ఆయనకి ప్రత్యేకమైన గౌరవం ఉండేది. అలాంటి చీటీ వెళ్తే ఆ పుస్తకం ఇంకెవరి దగ్గర ఉన్నా రెండు రోజుల్లో తెప్పించి పెట్టేవాడు.

ఆ పుస్తకాలు చూడగానే గుర్తుపట్టేలా ఉండేవి. అసలు అట్ట మీద ఇంకో గట్టి అట్ట, వీపుకి క్యాలికో గుడ్డ. పదిమంది చేతుల్లో నలగాలి కాబట్టి దబ్బనంతో లోపలికంటా కుట్టేవారు. దాంతో లైను చివరి అక్షరాలు కుట్టులో ఇరుక్కుపోయేవి. పుస్తకాన్ని బలంగా విప్పి పట్టుకుని, దొరకని అక్షరాన్ని ఊహించుకుంటూ చదవడం మా అందరికీ అలవాటైన విద్య. బందరు నుంచి వచ్చే ఎమెస్కో పాకెట్ పుస్తకాల మీద బాపు బొమ్మ గట్టి అట్ట కింద ఉండిపోయేది. బొమ్మ మీద ప్రేమ ఉన్న షాపాయన దాన్ని జాగ్రత్తగా కోసి పై అట్ట మీద అంటించేవాడు. చివరి పేజీలు ఊడిపోయిన నవలలు కూడా అరల్లో ఉండేవి. ఒక నవల చివర ఎవరో తెల్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ముగింపు రాసి అంటించారు. వేరేచోట పూర్తి ప్రతి దొరికించుకుని, తమ తర్వాత చదివేవాళ్ళ కోసం కూర్చుని ఎత్తి రాసిన ఆ చెయ్యి ఎవరిదో మాకెవరికీ తెలియదు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా వెతుక్కునేది మార్జిన్ రాతల్ని. పుస్తకాల మీద రాయరాదని షాపులో అట్టముక్క వేలాడుతూనే ఉండేది, రాసేవాళ్ళు రాస్తూనే ఉండేవారు. ఒకచోట పెన్సిలుతో, "ఇలాంటి ఆడది ఎక్కడైనా ఉంటుందా?" దాని కింద నీలం సిరాతో, "ఉంటుంది." ఆ కింద ఇంకెవరో, "ఉంటే తప్పేంటి?" ఎవరికెవరు జవాబు చెబుతున్నారో తెలియదు. ఏ వీధి వాళ్ళో, ఏ ఏడాది వాళ్ళో తెలియదు. ఒక పాత్ర మీద ఊరంతా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉండేది.

ఆ రాతల్లో నాకు తెలిసి ఎక్కువ తగువు నడిచిన పేరు ఇందిర. 'కాలాతీత వ్యక్తులు' నవలలో ఇందిర.

డాక్టర్ పి. శ్రీదేవి రాసిన నవల అది ఒక్కటే. ఆమె అనకాపల్లిలో 1929లో పుట్టారు, వైద్యం చదివారు. ఆ నవల గోరా శాస్త్రి సంపాదకత్వంలోని 'తెలుగు స్వతంత్ర' వారపత్రికలో 1957-58లో సీరియల్‌గా వచ్చింది. 1961లో, ముప్ఫై రెండేళ్ళైనా నిండకుండా, ఆమె పోయారు. మా ఇంట్లో ఆ నవల మొదట ఉన్నది సీరియల్ రూపంలోనే. అమ్మ ప్రతి వారం పత్రికలోంచి ఆ పేజీలు జాగ్రత్తగా విడదీసి, వరస చూసి పెట్టుకుని, చివరికి తెల్లదారంతో కుట్టుకుంది. ఆ కుట్టు పుస్తకంలో నవలతో పాటు పత్రిక కూడా ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఒక పేజీ వెనక సగం వ్యాసం, ఇంకో పేజీ కింద ఎవరిదో కథ తోక, మధ్యలో ఒక తలనొప్పి మందు ప్రకటన. అలా కుట్టుకున్న సీరియల్స్ ఆ రోజుల్లో ప్రతి ఇంటి అటక మీదా ఉండేవి. ట్రంకుపెట్టెల్లో పెళ్ళి పట్టుచీరల కింద దాచుకున్న వాళ్ళు కూడా నాకు తెలుసు.

కథ విశాఖపట్నంలో జరుగుతుంది. ఇందిర ఉద్యోగం చేస్తుంది. తండ్రి ఆనందరావుకి చూపు లేదు. చూపున్న రోజుల్లో ఉన్నదంతా విలాసాలకి ఊడ్చేసిన మనిషి. ఇంటి బరువంతా కూతురి మీద. పైన గదిలో ప్రకాశం, మెడిసిన్ చదువుతున్న కుర్రాడు. ఆ ఇంట్లోకి కల్యాణి అనే పేద, తెలివైన, మర్యాదస్తురాలైన విద్యార్థిని వస్తుంది. ప్రకాశం మనసు కల్యాణి వైపు మొగ్గడం చూసి ఇందిర ఊరుకోదు. తనకి కావలసింది తను తీసుకుంటుంది. అందుకోసం కల్యాణిని నొప్పించడానికి వెనకాడదు. చేసినది దాచుకోదు, చేసినందుకు ఏడవదు. 1957లో ఒక తెలుగు నవలలో అలాంటి అమ్మాయి నడిచి వస్తే చదివేవాళ్ళు ఉలిక్కిపడ్డారంటే ఆశ్చర్యం లేదు.

అమ్మ ఆ సీరియల్‌ని మధ్యాహ్నాలు పైకి చదివేది. వినేవాళ్ళలో మా మామ్మ ముఖ్యురాలు. ఆవిడకి చదువు రాదు. పక్కవాటా పిన్నిగారు, ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా చేరేవారు. నేను పుట్టకముందు జరిగిన ఆ మధ్యాహ్నాల సంగతి అమ్మ నోట ఎన్నోసార్లు విన్నాను. ఒక వారం ఇందిర ఏదో అంటుంది. మళ్ళీ పత్రిక వచ్చేదాకా ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ నూతిగట్టు దగ్గర, బియ్యం ఏరుకునే చాపల మీద ఇందిర మీద విచారణ నడిచేది. బరితెగించిందని ఒకరు, తల్లి లేని పిల్లలంతేనని ఒకరు, ఎంత తల్లి లేకపోతే మాత్రం స్నేహితురాలి నోటి దగ్గరిది లాక్కుంటారా అని ఇంకొకరు. అంతా అయ్యాక మామ్మ అనేదట, "అనండర్రా, అనండి. ఆ ఇంటికి బియ్యం తెస్తున్నది ఎవరో అదీ చెప్పండి" అని. ఆ మాటతో తగువు తెగేది కాదు, ఇంకో మలుపు తిరిగేది. కల్యాణి పక్షం వాళ్ళు కూడా ఆ ప్రశ్నని మోసుకుని ఇంటికి వెళ్ళేవారు.

ఆ ఏడు రోజుల ఎడం చేసిన పని చాలా పెద్దది. పాత్ర పక్కన మనం కొన్నాళ్ళు ఉండాల్సి వచ్చేది. కోపం వచ్చిన పూటే పుస్తకం పూర్తయిపోదు కాబట్టి ఆ కోపం చల్లారేది. చల్లారాక ఆ మనిషి పని ఇంకోలా కనిపించేది. ఏ సీరియల్ చదివే ఇంట్లోనైనా తీర్పు ఇవ్వడానికి నెలలు పట్టేది. అంతలో తీర్పు ఇచ్చేవాళ్ళ ఇళ్ళలో కూడా ఏవో జరిగేవి. ఒక పెళ్ళి, ఒక చావు, ఒక ఉద్యోగం పోవడం. అవన్నీ ఆ తీర్పులో కలిసేవి.

నేను ఆ నవల మొదటిసారి చదివింది హైస్కూలు వయసులో. ఆ వయసులో పుస్తకం మనల్ని కల్యాణి చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. శ్రీదేవి అల్లిక అలాంటిది. కష్టాలన్నీ కల్యాణివి, ఓర్పంతా కల్యాణిది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మళ్ళీ తీసినప్పుడు నా కళ్ళు ఇందిర దినచర్య మీద పడ్డాయి. ఉదయం వంట, తండ్రికి కావలసినవి అమర్చడం, ఆఫీసు, సాయంత్రం మళ్ళీ అదే ఇల్లు. ఒక్క పూట బీచికి వెళ్ళాలన్నా, ఒక సినిమా చూడాలన్నా ఆ ఆనందాన్ని ఆమె తన రోజులోంచి గుంజుకోవాలి. ఎవరూ తెచ్చి ఇవ్వరు. అమ్మానాన్నలకి నేనే ఆసరా అయ్యాక చదివినప్పుడు ఆనందరావు దగ్గర ఆగిపోయాను. కూతురి బతుకుని అలా చేసిందీ ఆయనే, ఆ కూతుర్ని ప్రాణంగా చూసుకునేదీ ఆయనే. ఆయన్ని వదిలి వెళ్ళలేకపోవడం ఇందిర మంచితనం అని ఆ నవల ఎక్కడా గొప్పగా చాటదు. ఆ పనిని చూపించి ఊరుకుంటుంది.

అలాగని మళ్ళీ చదివినంత మాత్రాన ఇందిర తప్పు మాసిపోదు. కల్యాణికి జరిగింది అన్యాయమే. ఏ వయసులో చదివినా అది అన్యాయంగానే మిగిలింది. మారేది మన చూపు మేర. చిన్నప్పుడు ఆ తప్పు ఒక్కటే కనిపిస్తే, పెద్దయ్యాక ఆ తప్పు చేస్తున్న మనిషి వెనక ఉన్న ఇల్లు, ఇంటి అద్దె, గుడ్డి తండ్రి, రేపటి మీద నమ్మకం లేకపోవడం అన్నీ కనిపిస్తాయి. తప్పునీ చూస్తాం, మనిషినీ చూస్తాం. ఒకదాని కోసం రెండోదాన్ని చెరిపెయ్యక్కర్లేదని నాకు నేర్పింది ఇందిరే.

ప్రకాశం సంగతీ అంతే. మెత్తని మాట, సున్నితమైన మనసు, ఎవరినీ నొప్పించని తీరు. కథ ముందుకి నడిచే కొద్దీ ఆ మెత్తదనం కింద ఏ నిర్ణయానికీ నిలబడలేని పిరికితనం బయటపడుతుంది. ఇంటివాళ్ళ మాటకి ఎదురు చెప్పలేక ఇద్దరు ఆడపిల్లల జీవితాలతో ఆడుకున్నవాడవుతాడు. డబ్బు నీళ్ళలా ఖర్చుపెట్టే జల్సారాయుడిగా వచ్చిన కృష్ణమూర్తి, చివరికి ఇందిరని ఉన్నదున్నట్టుగా ఒప్పుకుని పెళ్ళాడతాడు. మర్యాద ఒకచోట, ధైర్యం ఇంకోచోట ఉంటాయని పదిహేనేళ్ళ పిల్లకి ఎవరు చెప్పినా అర్థం కాదు. బయట కొందరు ప్రకాశాల్ని చూశాక పుస్తకం తీస్తే ప్రతి పేజీలో అర్థమవుతుంది.

ఈ నవల ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. సావిత్రి, కృష్ణకుమారి, నాగేశ్వరరావు. పాటలు ఇప్పటికీ వింటాం. సినిమా తనకి కావలసిన కథ తీసుకుంది. సినిమా చూసి నవల కోసం అద్దె షాపుకి వచ్చినవాళ్ళకి మాత్రం అక్కడ ఇంకా కఠినమైన, ఇంకా సజీవమైన ఇందిర దొరికేది.

అద్దె షాపులో దొరకని పుస్తకాలకి గ్రంథాలయం ఉండేది. పాత 'భారతి' సంచికలు, ఎర్ర అట్టల బైండు పుస్తకాలు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', రావిశాస్త్రి 'అల్పజీవి' నేను అక్కడి బల్లల మీదే చదివాను. ఈ ముగ్గురూ చెప్పింది గట్టి మగవాళ్ళ కథలు కావు. గోపీచంద్ సీతారామారావు వంశం పేరు నిలబెట్టాలన్న తాపత్రయంలో ఆస్తి పోగొట్టుకుని, ఆ కసిని లోకం మీద, చివరికి భార్యాబిడ్డల మీద తీర్చుకుంటాడు. బుచ్చిబాబు దయానిధి తల్లిని ప్రేమిస్తాడు, తల్లి గురించి ఊరనే మాటని ఏ ఊరు వెళ్ళినా వెంటబెట్టుకునే వెళ్తాడు. ఆ నీడ పడి అతని దగ్గరికి వచ్చిన ఏ ప్రేమా పండదు. రావిశాస్త్రి నవలలో విశాఖపట్నం గుమాస్తా సుబ్బయ్య తన నీడని చూసి తనే భయపడతాడు. బావమరిది వెంకట్రావు అవసరానికి కంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తెచ్చి, ఆ భయాన్ని పదింతలు చేసుకుంటాడు.

సుబ్బయ్యని చిన్నతనంలో చదివితే విసుగొస్తుంది. ఒక్కసారి గట్టిగా మాట్లాడవయ్యా అని అరవాలనిపిస్తుంది. జీతం మీద బతకడం మొదలుపెట్టాక, పైవాడి గది తలుపు ముందు నిలబడ్డాక సుబ్బయ్య బుర్రలో పరిగెత్తే ఆలోచనలు మనవే అవుతాయి. రావిశాస్త్రి అతన్ని ఎక్కడా వెనకేసుకు రాడు, ఎక్కడా చులకన చెయ్యడు. ఆ రెంటి మధ్య అంతసేపు నిలబడటం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుస్తుంది.

మార్జిన్ల మీద ఇందిర తర్వాత ఎక్కువ గొడవ జరిగింది రంగనాయకమ్మ 'బలిపీఠం' నవలలో అరుణ గురించి. అరుణ బ్రాహ్మణ వితంతువు, జబ్బు మనిషి. దళితుడైన భాస్కర్ ఆమెని పెళ్ళి చేసుకుంటాడు. జబ్బు నయమై ఇంట్లో కుదురుకున్నాక ఆమెలో కులం మళ్ళీ తల ఎత్తుతుంది. 1975లో సినిమా వచ్చాక ఈ నవలకి షాపులో మళ్ళీ గిరాకీ పెరిగింది. అరుణని తిడుతూ కొందరు, భాస్కర్‌ది పెళ్ళా ఉద్ధరణా అని అడుగుతూ కొందరు మార్జిన్లు నింపేశారు. కులం గురించి పదిమందిలో పైకి మాట్లాడని ఊళ్ళో, ఆ నవల అంచుల మీద మాత్రం మనుషులు దాపరికం లేకుండా మాట్లాడుకున్నారు. ఆ ప్రతి ఇప్పుడు దొరికితే ఒక కాలపు మనసు అందులో చదువుకోవచ్చు.

విజయనగరం వాళ్ళం కాబట్టి గురజాడని తలచుకోకుండా ఉండలేను. 'కన్యాశుల్కం' నాటకం మొదట 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని దాదాపు కొత్తగా రాసినంతగా మార్చి, పెంచి, మళ్ళీ వేశారు. మనకి ఇప్పుడు తెలిసిన మధురవాణి ఆ రెండో రూపంలోని మధురవాణి. సానిగా పుట్టి, అబద్ధాలాడుతూ, వేషాలు వేస్తూ, ఆ నాటకంలో అందరికన్నా ఎక్కువ నీతి పట్టింపు ఉన్న మనిషి. తను సృష్టించిన పాత్ర దగ్గరికి రచయితే పన్నెండేళ్ళ తర్వాత తిరిగి వెళ్ళి, ఆమెలో ఇంకా లోతు చూశాడు. పాఠకులం మనం ఒక్క చదువుతో ఎలా సరిపెట్టుకుంటాం?

మమ్మల్ని మళ్ళీ మళ్ళీ చదివించిన ఈ ఏర్పాట్లన్నీ ఒక్కొక్కటే పోయాయి. మొదట అద్దె షాపులో ఒక అర వీడియో క్యాసెట్లకి వెళ్ళింది, తర్వాత మూడు అరలు, తర్వాత షాపే క్యాసెట్ల షాపయింది. 1924 నుంచి నడిచిన 'భారతి' 1991లో ఆగిపోయింది. 'తెలుగు స్వతంత్ర' అప్పటికే ఎప్పుడో పోయింది. చక్రపాణి 'యువ' కూడా రాకుండా పోయింది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. సీరియల్ అనే మాట పత్రికలోంచి టీవీలోకి మారింది. మధ్యాహ్నాల విచారణ కొన్నాళ్ళు టీవీ ముందు సాగింది. కానీ ఆ సీరియల్స్‌లో చెడ్డ కోడలు చెడ్డ కోడలే, మంచి కోడలు మంచి కోడలే. తగువు పడటానికి మధ్యలో చోటు లేకపోయింది.

అద్దె పుస్తకాలు తూకానికి వెళ్ళాయి. కొన్ని హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీదకి చేరాయి. నేను అక్కడ పాత నవల ఏది తీసినా ముందు మార్జిన్లు చూస్తాను. రబ్బరు స్టాంపు మీద ఊరి పేరు సగం కనిపిస్తుంది. తెనాలి, సామర్లకోట, ఖమ్మం. ఆ పక్కన పెన్సిలు గీత. ఎవరో ఒకరు ఏదో ఒక పాత్ర మీద కోపగించుకుని వెళ్ళిన గుర్తు. అమ్మ కుట్టిన సీరియల్ ఇల్లు మారడంలో పోయింది. మళ్ళీ దొరకదు. కొత్త ముద్రణ కొనుక్కున్నాను. అక్షరం స్పష్టంగా ఉంది, ఏదీ కుట్టులో ఇరుక్కోలేదు. ఇవాళ కావలసిన నవల ఫోనులోనే దొరుకుతోంది, అమెరికాలో ఉన్న మా మేనకోడలు కూడా చదవగలుగుతోంది. అది నాకు నిజంగా సంతోషం. ఆమె ఒక్క రాత్రిలో చదివేసి పొద్దున్నే ఫోను చేసి, "అత్తా, ఇందిర టాక్సిక్" అంది. నేను కాదనలేదు. ఇంకో పదేళ్ళాగి మళ్ళీ చదవమన్నాను.

ఆ నవల రాసేనాటికి శ్రీదేవికి ఇరవై ఎనిమిదేళ్ళు. కల్యాణి కష్టం, ఇందిర ఆకలి, ఆనందరావు అసహాయత, ప్రకాశం పిరికితనం ఆమెకి ఆ వయసుకే ఒక్కసారిగా కనిపించాయి. మాకు అవి ఒక్కొక్కటిగా కనిపించడానికి ఒక జీవితం పట్టింది. మామ్మ వినడం, అమ్మ కుట్టడం, షాపాయన తెప్పించి పెట్టడం, ఊరి వాళ్ళు అంచుల మీద తగువు పడటం, ఇన్ని కలిస్తే గానీ మాకు ఆ చూపు రాలేదు. ఇప్పుడు ఆ సాయాలేవీ లేవు, పాఠకుడు ఒంటరిగా చెయ్యాలి. అందుకని కొత్తగా ఆ నవల చేతికి తీసుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ఇందిర మీద కోపం వస్తే రానివ్వండి. పక్కన పెన్సిలుతో రాసి తేదీ వెయ్యండి. పుస్తకం ఎవరికైనా చదవడానికి ఇవ్వండి, ఇచ్చినా అడిగి వెనక్కి తెచ్చుకోండి. పదేళ్ళ తర్వాత అది మీకు మళ్ళీ కావాలి.